రహదారి: గోల్కొండ నుంచి బందరు దాకా ఒక సఫర్

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే కారు పంతంగి దగ్గర ఒకసారి, కొర్లపహాడ్ దగ్గర ఒకసారి, చిల్లకల్లు దగ్గర ఇంకోసారి టోల్ కడుతుంది. అద్దం మీద స్టిక్కర్ ఉంటే గేటు దానంతటదే లేస్తుంది. దారి పొడవునా ఆకుపచ్చ బోర్డుల మీద 'జాతీయ రహదారి' అని రాసి ఉంటుంది. మాటలో 'దారి' కనబడుతోంది కాబట్టి అచ్చ తెలుగే అనుకుంటాం. కానీ అది ఫార్సీ మాట. రాహ్ అంటే తోవ. రాహ్‌దార్ అంటే తోవకు కాపలా ఉండేవాడు. ఆ కాపలా కోసం ముసాఫిర్ల దగ్గర, సౌదాగర్ల దగ్గర వసూలు చేసే సుంకం పేరు రాహ్‌దారీ. అంటే ఈ మాట మొదట తోవ పేరు కాదు, టోల్ పేరు. మూడు నాలుగు వందల ఏళ్లలో తెలుగు నాలుక మీద నలిగి, సుంకం పేరు పోయి తోవ పేరయింది. నిన్న పంతంగిలో మీరు కట్టింది అసలైన రాహ్‌దారీ అన్నమాట!

నేను ఉర్దూ మీడియంలో చదివి, ఆ తర్వాత తెలుగులో డిగ్రీ చేసిన మనిషిని. ఇలాంటి మాటలు కనబడితే కాసేపు ఆగిపోవడం నా ఆదత్. మా కాలేజీలో ఒకరోజు 'మజిలీ' అనే మాటకు అర్థం అడిగితే, క్లాసంతా నిఘంటువు వెతుకుతుండగా నాకు మా దాదీ మాట వినబడింది: "మంజిల్ దూర్ హై బేటా." మంజిల్ తెలుగులోకి వచ్చి మజిలీ అయింది. కాశీకి పోయే తెలుగు యాత్రికుడి కథల్లో ప్రతి రాత్రీ ఒక మజిలీయే. డేరా, కోసు, లంగరు, హర్కారా, సరాయి, నాకా, చౌకీ: సఫర్‌కు సంబంధించిన మాటలు ఎన్ని మనకు ఉమ్మడిగా ఉన్నాయో లెక్క వేసి చూడండి. మాటలు ఊరికే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవు. వాటిని మోసిన తోవ ఒకటి ఉండాలి. తెలుగు నేలకు సంబంధించి ఆ తోవల్లో పెద్దది గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే తోవ. దాని తారీఖ్ చెప్పడానికే ఈ వ్యాసం.

చార్మినార్ నాలుగు కమాన్లలో ఒకటి తూర్పుకు చూస్తుంది. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు షహర్‌కు బునియాద్ వేసినప్పుడు గోల్కొండ నుంచి సముద్రానికి పోయే తిజారతీ తోవ మీదే ఆ చౌరస్తాను నిలబెట్టారని తారీఖ్ రాసినవాళ్లు చెబుతారు. ఖిలా నుంచి బయలుదేరిన కారవాన్ 1578లో కట్టిన పురానా పుల్ మీదుగా మూసీ దాటి, తూర్పు ముఖంగా బందరు బాట పట్టేది. షహర్ వెనక ఖిలా, ముందు సముద్రం. ఖిలాలో వజ్రాలు, సముద్రంలో జహాజులు. రెండింటినీ కలిపే దారం ఈ తోవ.

ఆ రేవు అసలు పేరు మచిలీపట్నం. కానీ ఆ జిల్లాలో ఎవరినైనా "ఎక్కడికి?" అని అడగండి, "బందరు" అంటారు. బందర్ అంటే ఫార్సీలో ఓడరేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది, కృష్ణా జిల్లాలో ఉత్త బందరు ఉంది, ఏ పేరూ తగిలించకుండా. విజయవాడలో నడి ఊళ్లో నుంచి పోయే పెద్ద రోడ్డును ఇప్పటికీ బందరు రోడ్డే అంటారు. తవెర్నియే అనే ఫ్రెంచి జవాహరీ 1652లో బందర్ అబ్బాస్ దగ్గర గోల్కొండ సుల్తాన్ జహాజే ఎక్కి, మన బందరులో దిగాడు. బంగాళాఖాతంలో లంగరు వేయడానికి ఇంతకంటే మంచి చోటు లేదని రాశాడు. ఇక్కడి నుంచి పెగూ, సయాం, అరకాన్, బెంగాల్, సుమత్రా, హోర్ముజ్, మక్కా దాకా ఓడలు పోతాయని జాబితా ఇచ్చాడు. ఆ జాబితాలో మక్కా పేరు దగ్గర నేను కాసేపు ఆగాను. అంటే హజ్ ఇరాదా చేసుకున్న దక్కనీ ముసాఫిర్‌కు కాబా తోవ సూర్యాపేట మీదుగా, నందిగామ మీదుగా కూడా ఉండేది.

ఇప్పుడు మనం ఆరేడు గంటల్లో పోయే ఈ 340 కిలోమీటర్లను తవెర్నియే 100 కోసులుగా లెక్క కట్టాడు. గోల్కొండ, మచిలీపట్నం మధ్య చక్రాల బండ్లు తిరగవని కూడా రాశాడు. అడుగడుగునా చెరువులు, వాగులు, గుట్టలు, ఇరుకు కనుమలు. చిన్న బండిని తీసుకుపోవడం కూడా ముష్కిల్. మరి అంత తిజారత్ ఎట్లా నడిచింది? ఎద్దుల వీపుల మీద, మనుషుల భుజాల మీద. ధాన్యం, పప్పు, ఉప్పు మోసే బంజారాల మందల్లో ఒక్కోసారి పదివేలు, పన్నెండు వేల ఎద్దులు ఉండేవని ఆయనే చెబుతాడు. పెద్దవాళ్లను పల్లకీల్లో బోయీలు మోశారు. ఈ తోవ తారీఖ్ అంటే సుల్తాన్ల తారీఖ్ ఒక్కటే కాదు. అది లంబాడీ ఎద్దుది, తెలుగు బోయీ భుజానిది కూడా.

ఇంత దూరం నడిచేవాళ్లకు రాత్రి తలదాచుకునే చోటు కావాలి, నీళ్లు కావాలి, నమాజుకు జాగా కావాలి. హైదరాబాదు దాటగానే వచ్చే హయత్‌నగర్ అందుకే పుట్టింది. ఆ పేరు హయాత్ బక్షీ బేగంది. ఆమె ముహమ్మద్ కులీ బేటీ, సుల్తాన్ ముహమ్మద్ బేగం, అబ్దుల్లా కుతుబ్ షాకు అమ్మీజాన్. ముగ్గురు సుల్తాన్ల జమానాను దగ్గర నుంచి చూసి 1667లో గుజరింది. ఆమె పేరు మీద ఉన్న మసీదుకు ఐదు కమాన్లు, రెండు మీనార్లు. చుట్టూ పెద్ద ఆవరణ, ఆ గోడల వెంట వరసగా కమాన్ల గదులు. అవే సరాయి. మసీదు పక్కన హాథీ బావ్లీ అనే పెద్ద దిగుడుబావి. ఒక రాణీ పేరు తోవ మీద ముసాఫిర్‌కు గది, నీళ్లు, సజ్దా చేసుకునే జాగా అయి నిలిచింది. ఇవాళ ఆ ముందు నుంచే రోజూ వేల బండ్లు పోతాయి. లోపలికి మళ్లేవి ఎన్ని?

తర్వాత వచ్చే అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉన్నది అబ్దుల్లా పేరు. ఆయన 1639లో లష్కర్‌తో, దర్బారుతో సహా ఈ తోవ వెంట బందరు దాకా సఫర్ చేశాడు. ఆ వివరం హదీఖతుస్సలాతీన్ అనే దర్బారీ తారీఖ్‌లో ఉంది. అప్పటికి డచ్చివాళ్లు బందరు చేరి ముప్పై ఏళ్లు దాటింది. ఇంగ్లీషువాళ్లు 1611 నుంచి అక్కడే ఉన్నారు. సుల్తాన్ తన సముద్రాన్ని చూసుకోవడానికి వచ్చిన ఆ 1639లోనే, దక్షిణాన ఇంగ్లీషువాళ్లు ఒక నాయక్ దగ్గర ఇసుక నేల ముక్క ఒకటి సంపాదించారు. అదే మద్రాసు. రెండేళ్లకు వాళ్ల పెద్ద కచేరి కూడా బందరు వదిలి అక్కడికి మారింది. బందరు నసీబ్ మారడం ఆ ఏడాదే మొదలైంది. జులూసులో ఉన్నవాళ్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?

ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. మాది నల్గొండ వైపు దక్కనీ మాట్లాడే ఖాందాన్. నా ససురాల్ బందరు దగ్గర పల్లె. వాళ్లు నూర్‌బాషాలు, దూది ఏకిన తాతల వారసులు, ఇంట్లో తెలుగే. మా పిల్లలు నాతో "అబ్బా" అని దక్కనీలో మొదలుపెట్టి, వాళ్ల నానీతో "ఏంటి నానీ" అని కృష్ణా యాసలో ముగిస్తారు. పోయిన సంక్రాంతి సెలవులకు ఈ తోవనే పోతుంటే, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి వెనక సీట్లోంచి అడిగింది: "అబ్బా, అపన్ కాఁసే ఆయే?" ఏమైంది బేటా అంటే, క్లాసులో ఒక అమ్మాయి "మీరు బయటి నుంచి వచ్చారంట కదా" అన్నదట. కోపంతో కాదు, ఊరికే తెలుసుకోవాలని అడిగినట్టు. మా బీవీ నా వైపు చూసింది. బయట చౌటుప్పల్ దాటి రాళ్ల గుట్టలు, తాటిచెట్లు పోతున్నాయి.

మీ ఇళ్లలో కూడా ఈ సవాల్ వచ్చే ఉంటుంది. జవాబు ఒక్క ముక్కలో చెప్పలేం. కొందరు నిజంగానే జహాజులు దిగి ఈ తోవ వెంట వచ్చారు. చార్మినార్ జమానాలో పేష్వాగా ఉన్న మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ మనిషి. వజ్రాల తిజారత్‌లో పెరిగి, బందరుకు హవల్దార్ అయి, చివరికి గోల్కొండనే వణికించిన మీర్ జుమ్లా కూడా ఇరాన్ నుంచి వచ్చినవాడే. కానీ దర్గాల దగ్గర దీన్ అందుకున్న దూదేకుల, చేనేత, రైతు ఖాందాన్లు ఇక్కడి మట్టిలోంచే వచ్చాయి. మా అమ్మాయిలో ఏ నెత్తురు ఎంత ఉందో నేను కొలవలేను. ఈ తోవను చూపించగలను. అందుకే ఆ రోజు నుంచి ఊరు వచ్చినప్పుడల్లా బండి ఆపడం మొదలుపెట్టాం.

నకిరేకల్ దాటి సూర్యాపేట వచ్చేసరికి ఇరువైపులా పత్తి చేలు, చెరువు గట్లు. ఊరికి దగ్గరలో పిల్లలమర్రిలో కాకతీయుల కాలం గుళ్లున్నాయి, నల్లరాతి స్తంభాల్లో మొహం కనబడేంత నునుపు. తీరిక ఉంటే నేరేడుచర్ల వైపు తిరిగి జాన్‌పహాడ్ దర్గాకు పోవచ్చు. అక్కడ ఉర్సుకు వచ్చేవాళ్లలో ముసల్మాన్ల కంటే ఎవరెక్కువో మీరే చూడండి. 'సైదులు' అని పేరు పెట్టుకున్న హిందూ పిల్లలు నల్గొండ పల్లెల్లో ఇంటింటికీ ఉంటారు.

సూర్యాపేట, కోదాడల మధ్య మునగాల వస్తుంది. హైవే మీద మామూలు ఊరు. కానీ నిజాం రియాసత్ నడుమ ఈ మునగాల పరగణా ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాకు చెందిన ముక్క. దీని జమీందారు నాయని వెంకట రంగారావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం పెట్టినవాళ్లలో ఒకరు. అటు కృష్ణా జిల్లా నడుమ, నందిగామ దాటాక వచ్చే పరిటాల చుట్టుపక్కల ఊళ్లు కొన్ని నిజాంవి. ఎందుకంటే అక్కడ వజ్రాల గనులు ఉండేవి. ఉత్తర సర్కార్లు కంపెనీకి పోయినా, గని ఊళ్లను నిజాం చేతిలోనే ఉంచుకున్నాడు. 1947లో పరిటాల జనం మాకు ఏ నిజామూ వద్దని తమది రిపబ్లిక్ అని ప్రకటించుకున్నారు. ఇప్పుడు అక్కడ కొండంత ఆంజనేయుడి విగ్రహం దగ్గర కార్లు ఆపి ఫొటోలు తీసుకుంటారు. కింద నేలలో గనులు ఉండేవన్న సంగతి ఎవరికీ పట్టదు. సరిహద్దు గీత మాత్రం విచిత్రం. 1766 తర్వాత కోదాడ, జగ్గయ్యపేటల మధ్య ఒక గీత పడింది. 1956లో చెరిగిపోయింది. 2014లో దాదాపు అదే చోట మళ్లీ వచ్చింది. తోవ మాత్రం ఆ గీతను ఏనాడూ లెక్కచేయలేదు.

వజ్రాల మాట వచ్చింది కాబట్టి కొల్లూరు గురించి చెప్పుకోవాలి. తవెర్నియే సూటి తోవ కాకుండా కొల్లూరు మీదుగా పోతే 112 కోసులు అని రాసి, స్థానికులు దాన్ని 'గని' అంటారన్నాడు. మన తెలుగు మాట ఫ్రెంచి కితాబులోకి అట్లా ఎక్కింది. అక్కడ మగవాళ్లు తవ్వుతుంటే, ఆడవాళ్లు పిల్లలు మట్టి మోస్తుంటే, మొత్తం దగ్గర దగ్గర 60,000 మందిని చూశానని చెప్పాడు. ఆ గని ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. కోహినూర్ మాది అని మనం ఫఖ్రుగా చెప్పుకుంటాం. అది పుట్టింది కొల్లూరులోనే అని చాలామంది నమ్మకం. మట్టి మోసిన ఆ పిల్లల్లో ఒక్కరి పేరు కూడా ఎవరూ రాసుకోలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన తారీఖ్ చెప్పుకునేటప్పుడు మనకు ఒక జబ్బు ఉంది. సుల్తాన్ల షాన్ చెప్పి ఆగిపోతాం. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషు గుమాస్తా ఈ రాజ్యంలో పరగణాలను ఇజారాకు ఎట్లా వేలం పాడేవారో, పాడుకున్నవాడు రైతును ఎట్లా పిండేవాడో రాశాడు. ఇబ్రాహీం కుతుబ్ షాను తెలుగు కవులు ప్రేమగా 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నది నిజం. ఇజారాదారు కింద రైతు నలిగిందీ నిజం. పిల్లలకు రెండూ చెప్పాలి. ఒకటే చెబితే, రెండోది రేపు ఇంకెవరో ద్వేషంతో చెబుతారు.

కీసర దగ్గర మునేరు దాటితే గుట్టలు దగ్గరవుతాయి. ఎడమ వైపు కొండపల్లి ఖిలా. రెడ్డి రాజులు కట్టింది, కుతుబ్ షాహీల చేతికి వచ్చాక ఈ సర్కారుకు ముస్తఫానగర్ అనే పేరు కూడా వచ్చింది. ఆ గుట్టల్లో దొరికే తెల్ల పొణికి చెక్కతోనే కొండపల్లి బొమ్మలు. కింద ఉన్న ఊరు ఇబ్రహీంపట్నం. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డున బెజవాడ.

బెజవాడ దాటాక మంజర్ మారిపోతుంది. రోడ్డు పక్కనే బందరు కాలువ. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు: వరి మళ్లు, చెరకు, అరటి, కొబ్బరి. మా పిల్లలు ఫోను పక్కన పెట్టి కిటికీలోంచి చూసేది ఇక్కడే. కానీ ఈ పచ్చదనం తవెర్నియే చూసింది కాదు. 1832-33లో నందన నామ సంవత్సరపు డొక్కల కరువు ఈ జిల్లాల్ని ఊడ్చేసింది. ఆ తర్వాతే, 1850లలో, బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పడి, కాలువలు తవ్వారు. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. కళ్లకు ఇంత ఠండక్ ఇచ్చే ఈ మళ్ల వెనక ఆకలి చావుల తారీఖ్ ఉంది.

పామర్రుకు ఈ పక్కనే కూచిపూడి. తానీషా, అంటే అబుల్ హసన్ కుతుబ్ షా, బందరు సఫర్‌లో ఇక్కడ మకాం చేసి, భాగవతుల ఆట చూసి మెచ్చి, ఆ ఊరినే వాళ్లకు ఇనాంగా ఇచ్చాడని చెబుతారు. ఆ ఏడాది 1678 అంటారు. తర్వాత తొమ్మిదేళ్లకే, 1687లో, గోల్కొండ మొగలుల చేతిలో పడింది. రాజ్యం పోయింది, ఆట మిగిలింది.

బందరుకు దగ్గరలో పెడన. కలం ప్లస్ కారీ, కలంకారీ. ఇక్కడ చేసేది చెక్క అచ్చులతోనే అయినా పేరు కలానిదే. ఎరుపు కోసం చిరివేరు, నలుపు కోసం బెల్లం నీళ్లలో నానబెట్టిన ఇనుము. ఇరాన్ ఇళ్లలో పరచిన గుడ్డలు, యూరప్ పడకల మీద కప్పిన పలంగ్‌పోష్‌లు ఈ తీరం నుంచే పోయాయి. ఇవాళ్టికీ పెడన పెరళ్లలో తడి బట్టలు ఎండలో పరిచి ఉంటాయి. మా సాస్ ఇంట్లో దస్తర్‌ఖాన్ కూడా పెడన గుడ్డే.

ఇక బందరు. డచ్చివాళ్ల ఖబ్రస్తాన్‌లో చెక్కిన రాతి పలకలు ఉన్నాయి, ఆ కోట శిథిలాలు ఉన్నాయి. 1759లో ఫ్రెంచివాళ్ల దగ్గర నుంచి ఇంగ్లీషువాళ్లు దీన్ని పట్టుకున్నారు. రేవు మేట వేస్తూ వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి తుఫానులో సముద్రం ఊరి మీదికి వచ్చి సుమారు 30,000 మందిని తీసుకుపోయింది. మళ్లీ 1977 నవంబరు 19న పక్కనే దివిసీమ. ఇక్కడి పాత ఖాందాన్లలో సముద్రం గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గుతుంది. 2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. బందర్ మళ్లీ బందర్ అవుతుందా అని ఊరంతా ఆశగా చూస్తోంది.

వచ్చే సెలవుల్లో మీరు ఈ తోవన పోతే ఫజ్ర్ చదివి బయలుదేరండి. హయత్‌నగర్ సరాయిలో పావుగంట ఆగండి. పరిటాలలో పిల్లలకు గని సంగతి చెప్పండి. కూచిపూడిలో ఆగి టీ తాగండి. బందరు లడ్డు, నల్ల హల్వా కొనుక్కుని, అస్ర్ వేళకు మంగినపూడి చేరండి. సరుగుడు తోటలు దాటితే సముద్రం. అక్కడ మా అమ్మాయి తన నోటుబుక్కులో ఆ రోజు విన్న ఊళ్ల పేర్లు రాసుకుంది. హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, పిల్లలమర్రి, జాన్‌పహాడ్, పరిటాల, కొండపల్లి, కూచిపూడి, పెడన, బందరు. ఏ పేరు మనది, ఏది వాళ్లది అని విడదీయమంటే ఆమెకు సాధ్యం కాలేదు. నాకూ కాదు. స్కూల్లో ఆ స్నేహితురాలికి ఈ జాబితా చూపిస్తానంది. వీలైతే వచ్చేసారి ఆ అమ్మాయిని కూడా మాతో తీసుకుపోవాలని ఇరాదా. ఇన్షా అల్లాహ్.